బ్రేకు మాస్టారు, ఎర్ర కారు

ఆ రోజు ఉదయం బ్రేకు మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పన్ను పీకించుకొస్తానని ఇంట్లో చెప్పి బయలుదేరాలి. బస్సెక్కి ఊరి అవతలి కొసన దిగాలి. అక్కడ అమ్మకానికున్న ఒక ఎర్ర కారును చూడాలి. నచ్చకపోతే భోజనాల వేళకు ఇంటికొచ్చి, మందులతోనే తగ్గిపోతుందన్నాడు డాక్టరు అని చెప్పాలి. నచ్చితే ఏం చెప్పాలో మాత్రం ఆయన ఇంకా ఆలోచించుకోలేదు.

ఆయన డ్రైవింగు స్కూలు నడుపుతాడు. ఇంటి ముందు గదే ఆఫీసు. ఊళ్లో కారు నడిపేవాళ్లలో సగం మంది ఆయన చేతి కింద నేర్చుకున్నవాళ్లే. వాళ్లలో ఒక్కరూ ఇంతవరకూ ఎవర్నీ గుద్దలేదు, ఎక్కడికీ వేళకు చేరనూ లేదు. నేర్పే కారులో మాస్టారు కూర్చునే పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్లకు భయం పుట్టేలోపే ఆయన కాలు దాని మీద పడేది. ఆ పేరు అలా వచ్చింది. వేగం పనిలేనివాళ్ల జబ్బని మొదటి రోజు క్లాసులో చెప్పి, చివరి రోజు క్లాసులో మళ్లీ చెప్పి పంపేవాడు.

అలాంటి మనిషి పేపర్లో ఒక ప్రకటన చూశాడు. పొడుగు ముక్కుతో, నేలకు ఆనుకుపోయినట్టుండే పాత స్పోర్ట్స్ కారు. కుర్రతనంలో సైకిలుకు గాలి కొట్టుకుంటుంటే అలాంటిదొకటి పక్కనుంచి దూసుకుపోయింది. తలెత్తేసరికి వెనక లైట్లు మాత్రమే కనిపించాయి. ముందువైపు ఎలా ఉంటుందో అన్న ఆలోచన అప్పట్నుంచీ ఆయన లోపలెక్కడో కూర్చుని ఉంది. ఇప్పుడు జుట్టు నెరిశాక అది లేచి నిలబడింది. ఈ సంగతి బయటపడితే క్లాసులో తలెత్తుకోగలడా? అంతకన్నా పెద్ద సిగ్గు భార్య దగ్గర. ఆవిడ తిడితే పడొచ్చు. నవ్వితేనో?

"ఏ పన్నండీ?" అని అడిగింది ఆవిడ, ఆయన చెప్పులు తొడుక్కుంటుంటే.

"కింది వరసలో, వెనకది."

"మరి చెయ్యి పై దవడ మీద పెట్టుకున్నారేం?"

"నొప్పి పైకి పాకింది."

"ఉండండి, చీర మార్చుకుని నేనూ వస్తా."

"వద్దొద్దు. నువ్వు పక్కనుంటే నేను మనసారా అరవలేను" అని మాస్టారు గబగబా గేటు దాటేశాడు. గేటు దాటాక చెప్పులు కాదు, బూట్లు వేసుకోవలసిందని గుర్తొచ్చింది. అలాంటి కారెక్కేవాడికి బూట్లుండాలి. వెనక్కొచ్చి బూట్లు తొడుక్కున్నాడు. పన్ను పీకించుకోవడానికి బూట్లెందుకని భార్య అడగలేదు. అడగకుండా చూసింది. అది ఇంకా కష్టంగా ఉంది.

కారు సొంతదారు రిటైరైన పశువుల డాక్టరు. భారీ మనిషి, భారీ గొంతు. షెడ్డు తలుపు తెరిచి, తుడిచి తుడిచి మెరిపించిన కారు నడుము మీద చెయ్యేసి, దాని పక్కనే నిలబడ్డాడు. మాస్టారు ముందువైపుకు వెళ్లి చూశాడు. ఆయన అనుకున్నదానికన్నా బాగుంది.

"ఏం చేస్తుంటారు తమరు?" అన్నాడు డాక్టరు.

"మాస్టార్నండి."

"ఏం చెప్తారు?"

డ్రైవింగు అని చెప్పడానికి నోరు రాలేదు. ఊళ్లో నలుగురికీ నిదానం నేర్పేవాడు ఈ బండి చుట్టూ తిరుగుతున్నాడని ఈయన ఎవరితో అంటాడో ఏమో. "సంగీతం" అన్నాడు మాస్టారు. ఆ మాట ఎక్కణ్నుంచి ఊడిపడిందో ఆయనకే తెలియలేదు.

డాక్టరు మొహం వెలిగిపోయింది. "అట్లా చెప్పండి! కళాకారులు! ఈ బండి విలువ మీకే తెలుస్తుంది. ఇంజను మోత వినండి, మీరే రాగం పేరు చెప్తారు. కూర్చోండి, ముందు నేను నడిపి చూపిస్తా."

మాస్టారు పక్క సీట్లో కూర్చున్నాడు. కూర్చోవడం కాదు, దిగబడ్డాడు. కాళ్ల కింద కొత్త తివాచీ మెత్తగా ఉంది. బండి కదిలింది. వీధి మలుపు తిరిగే వరకూ ఆయన మొహం మీద చిన్నపిల్లాడి నవ్వు ఉంది. మెయిన్ రోడ్డెక్కాక డాక్టరు యాక్సిలరేటర్ మీద తన బరువంతా మోపాడు. ఎదురుగా ఒక బస్సు నింపాదిగా రోడ్డుకు అడ్డం తిరుగుతోంది. డాక్టరు కాలు ఎత్తలేదు.

అప్పుడు మాస్టారి కుడికాలు, ఇన్నేళ్లుగా ఎవరి అనుమతీ అడగకుండా చేస్తున్న పని చేసింది. పక్క సీటు కింద ఉండవలసిన బ్రేకును ప్రాణమంతా పెట్టి తొక్కింది.

అక్కడ బ్రేకు లేదు. నిజానికి తివాచీ కింద ఏమంత రేకు కూడా లేదు. ఎప్పుడో తుప్పు తినేయగా మిగిలిన పొర అప్పడంలా విరిగింది. కాలు తివాచీని చీల్చుకుని పిక్క దాకా కిందికి పోయి రోడ్డును తాకింది. బూటు ఒకసారి గీసుకుని, రెండోసారి ఎగిరి, ఊడిపోయింది.

మాస్టారు అరిచాడు. పొద్దున ఇంట్లో చెప్పినట్టే, మనసారా అరిచాడు.

"ఆహా!" అన్నాడు డాక్టరు, ఈలోగా బస్సు పక్కనుంచి దూసుకుపోతూ. "పై స్థాయి కూడా అందుకుంటారే మీరు!"

"ఆపండి!"

"ఇప్పుడే ఆపితే ఏం తెలుస్తుందండీ? ఇంకా నాలుగో గేరు చూపించలేదు."

మాస్టారు మోకాలు వంచి, మేజోడు మాత్రమే మిగిలిన పాదాన్ని రోడ్డుకు తగలకుండా గాల్లో పట్టుకుని, ఇంకోసారి అరిచాడు. డాక్టరు మెచ్చుకోలుగా తలూపాడు. చివరికి మాస్టారే చెయ్యి చాచి హ్యాండ్ బ్రేకు లాగాడు. కారు మూలిగి, పక్కకు ఒరిగి, సరిగ్గా బస్టాపు ముందు ఆగింది. బస్టాపులో చాలామంది ఉన్నారు. వాళ్ల బస్సు ఇప్పుడప్పుడే వచ్చేట్టు లేదు.

డాక్టరు దిగి, కిందికి వంగి చూశాడు. "మాస్టారూ, మీ కాలు బయటుంది."

"తెలుసండీ."

"ఈ బండి ఎంతమంది ఎక్కారో! ఎవరూ నేలను పొడిచిన పాపాన పోలేదు. అసలు ఏం చేశారు మీరు?"

మాస్టారు ఒక్క క్షణం ఆలోచించాడు. నిజం చెప్పే అవకాశం మళ్లీ వచ్చింది. మళ్లీ సిగ్గేసింది. "తాళం వేశానండీ."

"కాలితోనా?"

"మా పద్ధతిలో కాలితోనే వేస్తాం."

కాలు పైకి లాగితే విరిగిన రేకు అంచులు పళ్లలా పట్టుకుంటున్నాయి. బస్టాపు మొత్తం చుట్టూ మూగింది. "ఈయన మన బ్రేకు మాస్టారిలా లేడూ?" అంది ఒకావిడ. "ఛ, ఊరుకోవమ్మా! ఆయన ఇలాంటి బండెక్కుతాడా? దేవుడిలాంటి మనిషి" అన్నాడు ఇంకొకతను. మాస్టారు జేబురుమాలు తీసి ముక్కు దాకా కప్పుకున్నాడు. దేవుడిలాంటి అన్న మాట దగ్గర ఇంకాస్త పైకి లాక్కున్నాడు.

డాక్టరు డిక్కీలోంచి గ్రీజు డబ్బా తెచ్చి పనిలోకి దిగాడు. పాత అలవాటు కాబోలు, గొంతు మారిపోయింది. "హో... హో... బెదరకు, ఏం కాదు. కాలు వదులుగా పెట్టు... అదీ, బంగారం" అంటూ పిక్క నిమిరాడు. తర్వాత జనం వైపు తిరిగి, "మీరు వెనక నుంచి రాకండయ్యా, తన్నుతుంది!" అని హెచ్చరించాడు. జనం నిజంగానే రెండడుగులు వెనక్కి వేశారు.

ఆ సమయానికి మాస్టారి బామ్మర్ది, డ్రైవింగు స్కూలు కారులో ఒక లెక్కల టీచరమ్మకు పాఠం చెబుతూ అదే రోడ్డు మీద వస్తున్నాడు. టీచరమ్మ రిటైర్మెంటుకు దగ్గర పడ్డ మనిషి. చాలా కాలంగా నేర్చుకుంటోంది. పరీక్షకు వెళ్తానంటే మాస్టారే ఇంకొన్నాళ్లు ఆగమంటున్నాడు. రోడ్డు మధ్యలో ఏదో పడి ఉండటం చూసి ఆవిడ, మాస్టారు నేర్పినట్టే, చాలా దూరంలోనే బ్రేకు వేసింది. బామ్మర్ది దిగి తీశాడు. గీసుకుపోయి, ఇంకా వెచ్చగా ఉన్న బావ బూటు. అతను అక్కకు ఫోను చేశాడు. అక్క పళ్ల డాక్టరుకు ఫోను చేసింది. మాస్టారు అసలు రానేలేదని పళ్ల డాక్టరు చెప్పాడు. ఇంకేముంది? అక్కను ఎక్కించుకుని, బూటు దొరికిన రోడ్డు వెంట ముగ్గురూ కంగారుగా, గంటకు ఇరవై కిలోమీటర్ల వేగంతో బయలుదేరారు.

రెండు బస్సులు వచ్చి వెళ్లాక స్కూలు కారు బస్టాపు చేరింది. మాస్టారి కాలు అప్పుడే బయటపడింది. పెద్ద గాయమేమీ లేదు, గ్రీజు మాత్రం మోకాలి దాకా ఉంది.

"బావా!" అంటూ బామ్మర్ది బూటు పైకెత్తి పట్టుకుని, జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "ఎవరు గుద్దారు బావా? చెప్పు, వాడి సంగతి చూస్తా!"

"ఎవరూ గుద్దలేదయ్యా" అన్నాడు డాక్టరు. "సంగీతం మాస్టారు తాళం వేశారు, అంతే."

"సంగీతం మాస్టారెవరు?"

"ఈయనే. పై స్థాయిలో ఎంత బాగా పాడారనుకున్నావు!"

మాస్టారి భార్య ముందుకొచ్చింది. "ఈయన పాడారా? స్నానం చేస్తూ కూడా నోరు విప్పరండీ. ఈయన డ్రైవింగు నేర్పుతారు." ఆ మాటతో జేబురుమాలుకు పని లేకుండా పోయింది. "చెప్పానా, మన మాస్టారే!" అంది జనంలోంచి ఇందాకటి ఆవిడ గెలిచిన గొంతుతో. దేవుడిలాంటి మనిషి అన్నతను బస్సు వస్తుందేమోనని అటు చూశాడు.

డాక్టరు మొహం ఎర్రబడింది. "డ్రైవింగు మాస్టారా? అంటే బండి లోటుపాట్లన్నీ పసిగట్టడానికి మారువేషంలో వచ్చారన్న మాట! ఇంత మోసమా? అందుకేనా నేరుగా తుప్పు పట్టిన చోటే చూసుకుని తొక్కారు?"

"అయితే అక్కడ తుప్పుందని మీకు ముందే తెలుసా?" అని అడిగింది భార్య.

డాక్టరు గొంతు సగానికి పడిపోయింది. "కొత్త తివాచీ వేయించానమ్మా..."

"నేల లేని చోట తివాచీ ఎందుకండీ?"

డాక్టరు గ్రీజు డబ్బాకు మూత పెట్టుకుంటూ ఉండిపోయాడు. భార్య ఇటు తిరిగింది. మాస్టారు ఒక కాలికి బూటుతో, ఒక కాలికి గ్రీజుతో నిలబడి ఉన్నాడు.

"పన్ను?"

"నొప్పి లేదు."

"పొద్దున?"

"పొద్దునా లేదు."

ఆవిడ నవ్వలేదు. తిట్టనూ లేదు. కారును ముక్కు నుంచి తోక దాకా ఒకసారి చూసింది. తర్వాత ఆయన్నే చూస్తూ, చాలా మామూలుగా అడిగింది. "నచ్చిందా?"

ఔనని చెప్పాలని మాస్టారికి అనిపించింది. నేల వేయించుకోవచ్చు. ఆ ముక్కు, ఆ రంగు, బండి కదిలినప్పుడు వీపుకు తగిలిన ఆ తోపుడు ఇంకా ఒంట్లో ఉన్నాయి. కానీ బస్టాపు మొత్తం చెవులు రిక్కించింది. టీచరమ్మ కళ్లజోడు సర్దుకుని మరీ వింటోంది. మాస్టారు గొంతు సవరించుకున్నాడు. బయటికొచ్చింది క్లాసులో వినిపించే గొంతే.

"ఛ! ఇలాంటి బండి బుద్ధున్నవాళ్లెవరైనా కొంటారా? ఊరికే, ఎంత ప్రమాదమో చూద్దామని వచ్చాను. పిల్లలకు పాఠంగా చెప్పొచ్చు కదా అని."

అప్పుడు టీచరమ్మ ముందుకు జరిగి, డాక్టరు భుజం మీద వేలితో తట్టింది.

"అయితే నేను తీసుకుంటానండీ."

"అమ్మా, మీరా?" అన్నాడు మాస్టారు. "దానికి నేల కూడా లేదు!"

"వేయిస్తాను మాస్టారూ. చిన్నప్పట్నుంచీ బుద్ధిగానే ఉన్నాను. ఇంకెన్నాళ్లుండమంటారు?" అని ఆవిడ కారులోకి వంగి, స్టీరింగు మీద చెయ్యి పెట్టి చూసుకుంది. "ఇది పక్కనుంచి పోతుంటే ఎప్పుడూ వెనకవైపే చూడటమండీ. ఈసారి లోపల్నుంచి చూస్తాను."

మాస్టారి కళ్లు కారు వెనక లైట్ల మీదికి పోయాయి. డాక్టరు ఆవిడతో వెల్డింగు షాపు గురించి మాట్లాడుతున్నాడు. పశ్చాత్తాపంతో కాబోలు, నేల ఖర్చు తనదేనంటున్నాడు. మాస్టారు చెప్పవలసిన మాట ఏదైనా ఉంటే ఇప్పుడే చెప్పాలి. ఆయన బూటు తొడుక్కుని, లేసు ముడి వేసుకున్నాడు. తర్వాత ఆ ముడి విప్పి మళ్లీ వేసుకున్నాడు. అంతలో వాళ్ల బేరం కుదిరిపోయింది.

స్కూలు కారులో వెనక సీట్లో భార్యాభర్తలిద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ముందు బామ్మర్ది నడుపుతున్నాడు. భార్య కిటికీలోంచి బయటికి చూస్తూ అంది.

"మీరు నచ్చిందనుంటే సరేనందామనుకున్నా."

మాస్టారు తలతిప్పి చూశాడు.

"ఏమిటలా చూస్తారు? బాగుంది బండి. మిమ్మల్ని అందులో చూడాలనిపించింది. ఇన్నేళ్లలో మీరు ఏదీ కావాలని అడగలేదు. ఈ ఒక్కటీ అడగడానికి పన్ను పీకించుకోవాలా? నేనంత గయ్యాళినా?"

"కాదు" అన్నాడు మాస్టారు. "నువ్వు నవ్వుతావని."

"నవ్వేదాన్నే. నవ్వి, తర్వాత ఎక్కేదాన్ని."

సిగ్గులో ఎన్ని రకాలున్నాయో ఆ ఒక్క పూటలో ఆయన చాలావరకు చూశాడు. అబద్ధం బయటపడినప్పటిది ఒకటి, జనం చూసినప్పటిది ఒకటి. ఈ చివరిది మాత్రం వాటిలా మొహానికి ఎక్కలేదు. నెమ్మదిగా కిందికి దిగి, కడుపులో కూర్చుంది.

టీచరమ్మ మాట నిలబెట్టుకుంది. కారుకు దళసరి ఇనప రేకుతో నేల వేయించింది. ఇంక ఆగమన్నా వినకుండా పరీక్షకు వెళ్లి, మొదటిసారికే లైసెన్సు తెచ్చుకుంది. ఆ తర్వాత ఒక ఆదివారం ఉదయం, ఎర్ర కారు మాస్టారింటి గేటు ముందుకొచ్చి ఆగి హారన్ కొట్టింది. మాస్టారు బూట్లు తొడుక్కుని పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఆయన వెనకే భార్య కొత్త చీర కట్టుకుని, జుట్టు చెదరకుండా తలకు గుడ్డ చుట్టుకుని వచ్చింది.

"రండి వదినగారూ, అలా ఓ చుట్టు తిరిగొద్దాం" అంది టీచరమ్మ, పక్క తలుపు తెరుస్తూ.

భార్య కూర్చుంది. మాస్టారు తనెక్కడ కూర్చోవాలా అని లోపలికి తొంగి చూశాడు.

ఆ కారుకు సీట్లు రెండే.