బోయిగూడలో ఉభయ అజ్ఞాన పద్ధతి

మనిషి శరీరం లోపల తుప్పు పడుతుందన్న సంగతిని సికింద్రాబాదులో ఒక మంగళవారం నాడు, భోజన విరామానికి కొంచెం ముందు, అధికారికంగా గుర్తించారు. అంతకుముందు కూడా పడుతూనే ఉండేది గాని, అది అనధికారికం.

గుర్తించినది ప్రాణవాయు దుష్ఫలితాల పరిశోధన, నివారణ మరియు సమన్వయ సంస్థ. మనం పీల్చిన గాలి ఒంట్లో తన పని ముగించుకున్నాక ఊరికే పోకుండా కొన్ని అల్లరి అణువులను వదిలిపోతుందనీ, అవి వాన ఇనుప గేటును కొరికినట్టు జీవకణాలను కొరుకుతాయనీ, దీన్నే ఆక్సీకరణ ఒత్తిడి అంటారనీ, షుగరు జబ్బు ఉన్నవాళ్ళకు అరికాళ్ళలో మంటలు పుట్టడంలో దీని చెయ్యి చాలా ఉందనీ సంస్థ ఒక కరపత్రం అచ్చువేసింది. (కరపత్రాన్ని సంస్థ గేటు దగ్గరే పంచారు. తుప్పు వల్ల ఆ గేటు సగమే తెరుచుకుంటుంది కాబట్టి విషయం అందరికీ తేలిగ్గా అర్థమయింది.)

రోసమ్మ మాత్రం కరపత్రం చదవకముందే ఈ జబ్బును అరికాళ్ళతో ఎరుగును. ఆమె బాపట్ల వైపు నుంచి కోడలిగా వచ్చి, బోయిగూడలో ఒక చిన్న మిషన్ బడిలో పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి. గల్లీ అంతా టీచరమ్మ అని పిలుస్తారు. ఇప్పుడామె అరికాళ్ళు నిప్పుల కుంపటి మీద పెట్టినట్టు ఉంటాయి. చెప్పులు వేసుకుంటే ఒక బాధ, విప్పితే ఇంకో బాధ. అన్నిటికన్నా కష్టం ఆదివారం చర్చిలో. అందరూ లేచి నిలబడి పాట ఎత్తుకుంటే, మొదటి చరణం అయ్యేసరికి ఆమె బెంచీ మీద కూలబడేది. పాటను పట్టి నడిపించే గొంతు ఆమెదే. ఆమె కూర్చోగానే మిగతా గొంతులన్నీ తలో దారి పట్టేవి. పాస్టరుగారు మర్యాదకు కళ్ళు మూసుకునేవారు.

నిలబడి ఒక్క పాట, కడదాకా. రోసమ్మకు ఇంతకు మించిన కోరిక లేదు.

అందుకే సంస్థవాళ్ళు తుప్పును ఆపే కొత్త మందు కనిపెట్టారనీ, దాన్ని పరీక్షించడానికి ఇరవై మూడు జిల్లాల్లోనూ వెతికి వెతికి బోయిగూడను ఎంచుకున్నారనీ తెలియగానే, అందరికన్నా ముందు పేరు ఇచ్చింది ఆమే. (బోయిగూడ ఎంపికకు శాస్త్రీయ కారణాలున్నాయి. సంస్థ అధికారిగారి ఇల్లు పక్కనే చిలకలగూడలో.)

మాత్రల సీసాలు పట్టుకుని వచ్చిన పిల్ల పేరు డోరా. కాంట్రాక్టు ఉద్యోగం, భుజానికి గుడ్డ సంచి, మెడలో తన ఫొటో. రోసమ్మ ఇంటి అరుగు మీద పేర్లిచ్చిన గల్లీవాళ్ళను కూర్చోబెట్టి ఉభయ అజ్ఞాన పద్ధతి అంటే ఏమిటో వివరించింది. ఈ పద్ధతిలో సగం మందికి మందున్న గొట్టం మాత్ర ఇస్తారు. మిగతా సగానికి ఖాళీ గొట్టం. రంగు ఒకటే, బరువు ఒకటే. ఏది ఎవరికి అందిందో మింగేవాళ్ళకూ తెలియకూడదు, ఇచ్చేవాళ్ళకూ తెలియకూడదు. (ఇచ్చేవాళ్ళకు తెలియకపోవడమన్నది కార్యాలయాల్లో మొదటినుంచీ అమల్లో ఉన్నదే కనుక సిబ్బందికి ప్రత్యేక శిక్షణ అవసరం పడలేదు.)

మోండా మార్కెట్లో ఆకుకూరలమ్మే బుచ్చమ్మ ఆసాంతం విని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది.

"ఏందే బిడ్డా, గోలీల ఏం లేకపోతే అది గోలీ ఎట్లయితది? నేను ఉత్త సంచి ఇచ్చి పాలకూర అంటే నన్ను ఊకుంటరా?"

"అట్లనే ఉంటది ఆంటీ, ఇది సైన్సు. రెండు గ్రూపులకు తేడా వస్తేనే మందు పనిచేసినట్టు."

"మరి నాకు ఉత్తది వస్తే?"

"సైన్సుకు హెల్ప్ చేసినట్టు."

"సైన్సుకు కాళ్ళు మండుతున్నయా, నాకు మండుతున్నయా?"

డోరా సంచిలో జవాబు కోసం వెతికి, సంతకాల కాగితం తీసింది. దాన్ని ఇంగ్లీషులోంచి తెలుగులోకి సంస్థవారే మార్పించారు. 'సదరు పాల్గొనువారు సదరు గుళికను సదరు కాలమందు స్వచ్ఛందముగా గ్రహించుటకు సమ్మతించుచు' అని మొదలై మూడు పేజీల దూరం క్రియ లేకుండా నడిచింది. రోసమ్మ పాత అలవాటు కొద్దీ ఎర్ర పెన్ను తీసి రెండు తప్పులు దిద్ది సంతకం పెట్టింది.

మొదటి నెలలో సైన్సు జరగలేదు గాని అనుమానం బాగా జరిగింది. గల్లీలో ప్రతివాడికీ పక్కవాడి సీసాలోనే అసలు మందుందని గట్టి నమ్మకం. దర్జీ తుకారాం తన సీసాలోంచీ పక్కవాడి సీసాలోంచీ ఒక్కో మాత్ర తీసి గిన్నెడు నీళ్ళలో వేసి చూశాడు. రెండూ తేలాయి. తనది ఎక్కువ ఠీవిగా తేలిందన్నాడు. బుచ్చమ్మ తన మాత్రను పక్కింటి కోడికి పెట్టింది. కోడి దాన్ని మింగి, ఎప్పటిలాగే కోడిలా ఉంది.

"నాకే అసలుది వచ్చింది టీచరమ్మా," అన్నాడు తుకారాం కాలరు సర్దుకుంటూ. "తేన్పు వస్తే మందు వాసన కొడ్తుంది."

"నిన్న దావత్ల నువ్వు తిన్నదాని వాసన అది," అంది బుచ్చమ్మ.

"నీకు ఉత్తది వచ్చిందని కుళ్ళు నీకు."

"ఎవనికి ఉత్తది? నీ మొఖం చూస్తెనే ఉత్త గొట్టం లెక్క ఉంది!"

ఆ వారంలోనే అసలు మందువాళ్ళుగా తమను తాము ప్రకటించుకున్నవాళ్ళు కుళాయి దగ్గర ముందు నిలబడటం మొదలుపెట్టారు. తమకు రోజూ మందు వేసుకునే పని ఉంటుందనీ, ఆలస్యం కుదరదనీ వాళ్ళ వాదన. ఖాళీ గొట్టం వాళ్ళకు తొందరేముందని అడిగారు. బిందెలు తగిలాయి, మాటలు తగిలాయి.

అప్పుడు రోసమ్మ కలగజేసుకుంది. క్రిస్మసుకు బడికి ఎన్ని మిఠాయిలు వచ్చినా, ఎందరు పిల్లలున్నా, ఎవరూ ఏడవకుండా పంచి ఇంటికి పంపిన చేతులు అవి. వాటికి తెలిసిన పద్ధతి ఒక్కటే.

"ఈ గొడవ నేను చూడలేనమ్మా. అందరి సీసాలూ ఇటు తీసుకురండి," అంది.

ఇంట్లోంచి పెద్ద స్టీలు బేసిను తెచ్చి అరుగు మీద పెట్టింది. గల్లీలో ఉన్న మాత్రలన్నీ అందులో పోయించింది. పులిహోర కలిపినట్టు గరిటెతో కిందా మీదా కలిపి, మళ్ళీ సమానంగా పంచి సీసాల్లో పోసింది.

"ఇప్పుడు మందున్నవీ, లేనివీ అందరికీ వచ్చినట్టే. ఎవడూ ఎక్కువా కాదు, ఎవడూ తక్కువా కాదు. తుకారాం, నీ గుప్పిట్లో ఉన్నవి కూడా వెయ్యి నాయనా."

తుకారాం గుప్పిట తెరిచాడు. గల్లీలో శాంతి నెలకొంది. ఆ తర్వాత డోరా సీసాలు ఇచ్చి వెళ్ళిన ప్రతిసారీ బేసిను బయటికి వచ్చేది. మందు అందరి కడుపుల్లోకీ సగం సగం చేరింది.

విచిత్రమేమిటంటే, ఆ సగం మందే పనిచేసింది. ముందు మంట సెగగా మారింది, తర్వాత గోరువెచ్చనయింది. బుచ్చమ్మ మార్కెట్లో కాళ్ళు ముడుచుకుని కూర్చుని బేరాలాడింది. తుకారాం మిషను పెడలు మీద నుంచి కాళ్ళు తీయకుండా ఒక షేర్వాణీ పూర్తిచేశాడు. ఒక ఆదివారం రోసమ్మ లేచి నిలబడి పాట అందుకుంది. చరణాలు ఒకటొకటే దాటుతున్నాయి, కాళ్ళు ఏమీ అనడం లేదు. పాట అయిపోయాక కూర్చోవాలని కూడా తోచక అలాగే నిలబడిపోతే, పాస్టరుగారు వాక్యం చదవడం ఆపి "కూర్చోండమ్మా" అనవలసి వచ్చింది.

బేసిను సంగతి డోరా కంట పడటానికి కొన్ని నెలలు పట్టింది. ఒకరోజు గొడుగు మరిచిపోయి వెనక్కి వచ్చేసరికి పంపకం నడుస్తోంది.

"ఆంటీ, ఇదేంటి!"

"పంచుతున్నానే అమ్మా. నువ్వు చెప్పావుగా, ఎవరికి ఏది వచ్చిందో తెలియకూడదని. ఇప్పుడు దేవుడికి తప్ప ఎవరికీ తెలియదు."

డోరా ఆటో ఎక్కి తిన్నగా సంస్థకు వెళ్ళింది. ఉభయ అజ్ఞాన పరిరక్షణాధికారి డాక్టర్ జీవరాజు గది ముందు చాలాసేపు నిలబడి లోపలికి వెళ్ళింది.

"సార్, బోయిగూడలో అందరూ మాత్రలు కలిపేసి..."

"ఆగమ్మా!" జీవరాజుగారు రెండు చెవులూ మూసుకున్నారు. "ఎవరు ఏం మింగుతున్నారో నాకు చెప్తున్నావా?"

"అవును సార్, వాళ్ళు..."

"నా ఉద్యోగం ఏంటి?"

"అజ్ఞానం కాపాడటం సార్."

"మరి నాకు తెలిస్తే ఎవరు కాపాడాలి? చూడమ్మా, నీకు ఇచ్చిన ఫారంలో గళ్ళు ఏమున్నాయి?"

"మింగారు, మింగలేదు, వాంతి అయింది, మరణించారు."

"పంచుకున్నారు అని ఉందా?"

"లేదు సార్."

"లేని గడిలో జరిగిన పని జరిగినట్టు కాదు. కొత్త గడి కావాలంటే గళ్ళ కమిటీ కూర్చోవాలి. కమిటీ గదిలో ఏసీ చెడిపోయింది. మింగారా, లేదా?"

"మింగారు సార్."

"టిక్కు పెట్టు."

డోరా టిక్కు పెట్టింది. ఆమెకూ కాంట్రాక్టు ఉంది.

ఫలితాల సభ ఘనంగా జరిగింది. డైరెక్టరుగారు తెర మీద రెండు గీతలు చూపించారు. ఒకటి మందువాళ్ళది, ఒకటి ఖాళీ గొట్టం వాళ్ళది. రెండు గీతలూ రైలు పట్టాల్లా పక్కపక్కనే కిందికి దిగాయి. ఖాళీ గొట్టం వాళ్ళకు ఎంత తగ్గిందో మందువాళ్ళకూ అంతే తగ్గింది కాబట్టి మందులో పస లేదని తేల్చారు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. మందుకు సమానంగా పనిచేస్తున్న ఖాళీ గొట్టంలో అపారమైన శక్తి ఉందనీ, అందులో ఏమీ లేదు కాబట్టి ఖర్చు కూడా తక్కువనీ, ఇది వైద్యరంగంలోనే మలుపు అనీ ప్రకటించారు. చప్పట్లు మోగాయి. ఖాళీ మాత్రల ఉన్నత పరిశోధన విభాగం అక్కడికక్కడే ఏర్పాటయింది. మాత్రల్లో ఏముందో ఎన్నడూ తెలుసుకోని అనుభవం దృష్ట్యా డాక్టర్ జీవరాజును అధిపతిగా నియమించారు.

మిగిలిన మందును ముగ్గురు సభ్యుల కమిటీ సమక్షంలో నాశనం చేశారు. పరీక్షలో మేలు పొందినవారికి ఆ మేలు ఆగకూడదన్న నియమం ఉంది గనుక, బోయిగూడ వాళ్ళందరికీ జీవితాంతం ఖాళీ గొట్టాలు ఉచితంగా ఇవ్వాలని ఉత్తర్వు వెలువడింది.

కొన్ని వారాలకే అరికాళ్ళు మళ్ళీ రాజుకున్నాయి. బుచ్చమ్మ సంస్థను నోటికొచ్చినట్టు తిట్టి, కాళ్ళకు తడిగుడ్డ చుట్టుకుని మార్కెట్టుకు వెళ్ళింది. రోసమ్మ ఆదివారం మొదటి చరణానికే బెంచీని వెతుక్కుంది. సోమవారం సంస్థకు బయలుదేరి, సగం తెరిచిన గేటులోంచి పక్కకు తిరిగి దూరి, టోకెను తీసుకుని, కూర్చోవడానికి ఏమీ లేని వరుసలో నిలబడింది. ఆమె వంతు వచ్చేసరికి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

కొత్త కుర్చీలో జీవరాజుగారు ఆమె ఫైలు తెరిచి ముచ్చటపడ్డారు.

"రోసమ్మగారూ! మీరు ఖాళీ గొట్టం గ్రూపమ్మా. అందులో కూడా మొదటి ర్యాంకు. ఇంత బాగా తగ్గినవాళ్ళు ఇంకెవరూ లేరు."

"మండిపోతున్నాయి బాబూ. ఆ పాత మందు కాస్త ఇప్పించండి."

"మీరు ఆ మందు ఎప్పుడూ మింగలేదు కదమ్మా."

"మింగాను బాబూ. గల్లీలో అందరివీ బేసిన్లో కలిపి పంచాను. అందరం సగం సగం మింగాం. అందుకే అందరికీ ఒకేలా తగ్గింది."

జీవరాజుగారు ఆమెను జాలిగా చూశారు. అల్మరాలోంచి నిగనిగలాడే ఒక పత్రిక తీసి, ఆ రెండు గీతలున్న పేజీ తెరిచి ఆమె ముందు పెట్టారు.

"ఇది విదేశాల్లో అచ్చయిందమ్మా. అచ్చయిన దాన్ని అరికాళ్ళు మార్చలేవు."

"మరి ఈ మంట?"

ఆయన సొరుగు లాగారు. కొత్త విభాగానికి కొత్త ఫారం ఉంది. అందులో ఈసారి దుష్ఫలితాలకు కూడా ఒక గడి ఉంది. దాంట్లో 'అరికాళ్ళ మంట' అని అందంగా రాసి, టిక్కు పెట్టి, కింద స్టాంపు వేశారు.

"ఇంత శక్తిగల మాత్ర కదమ్మా, మీ ఒంటికి కొంచెం ఎక్కువైనట్టుంది," అన్నారు. "ఇక నుంచి ఖాళీ గొట్టాన్ని సగానికి తుంచి వేసుకోండి."