మామగారి చిన్నమ్మాయి

తూకాల ఆఫీసరుగారిని ఎవరైనా ఒక పని వద్దంటే చాలు, ఆ పని మీద ఆయనకు ఎక్కడలేని ప్రేమా పుట్టుకొస్తుంది. డాక్టరు మెట్లెక్కవద్దన్న రోజు నుంచి ఆయన ఆఫీసులో లిఫ్టు ముఖం చూడలేదు. వంటింట్లో కుళాయి బాగుచేయమని భార్య మూడేళ్ళ కిందట అడిగింది. అడిగింది కాబట్టి అది ఇప్పటికీ కారుతోంది.

ఉద్యోగంలో మాత్రం ఆయనకు వంక పెట్టడానికి లేదు. కొట్టు కొట్టుకూ తిరిగి త్రాసులూ రాళ్ళూ పరీక్షించి సీలు వేయడం ఆయన పని. త్రాసు కింద అంటించిన చింతపిక్కంత మైనం కూడా ఆయన కళ్ళు దాటిపోలేదు. ఊళ్ళో మోసం చేసేవాళ్ళంతా ఆయన స్కూటరు చప్పుడు వింటే నీతిమంతులైపోతారు.

అటువంటి మనిషి పేపరు చదువుకుంటున్న ఒక ఉదయం, కుట్టుమిషను దగ్గర కూర్చున్న భార్య తల ఎత్తకుండానే అంది.

"ఏమండీ, వచ్చే ఆదివారం కాక ఆపై ఆదివారం పాత ఇనుము కొనే ఆయన వస్తున్నాడు. షెడ్డులో కారు తీసుకుపొమ్మన్నాను."

పేపరు కిందికి దిగింది.

"ఏ కారు?"

"మనకి పది కార్లున్నాయా ఏమిటి? నాన్నగారి కారే. షెడ్డు ఖాళీ అయితే కుట్టుమిషను అందులో వేసుకుంటాను. ఇక్కడ వెలుతురు చాలడం లేదు."

ఆ కారు కథ చెప్పాలి. మామగారికి ఇద్దరు కూతుళ్ళని ఊరంతా అనేవారు. పెద్దమ్మాయి ఈవిడ. చిన్నమ్మాయి ఆ కారు. గుండ్రటి దీపాలు, చేతితో తుడిచి తుడిచి అరిగిపోయిన నీలం రంగు, ముందు సీట్లో ముగ్గురు పట్టే వైభవం. ఆయన పోయేముందు తాళాలు కూతురి చేతిలో పెట్టి, "చిన్నమ్మాయి జాగ్రత్త" అన్నారు. ఆ మాట అన్నది తనతోనే అని అల్లుడుగారు అనుకున్నారు.

అనుకుని, వారం తిరక్కుండా దాన్ని బయటికి తీశారు. కారు బయటికి వచ్చింది, దాంతోపాటు గేటు కూడా వచ్చింది. మర్నాడు ఎంత తిప్పినా అది స్టార్టు కాలేదు. "మరదలు అలిగింది" అని చెప్పి ఆయన షెడ్డు తలుపు మూసేశారు. ఆ తలుపు మూసి పదకొండేళ్ళయింది. బాగుచేయించండి అని భార్య అడిగిన ప్రతిసారీ "చూద్దాం" అనేవారు.

ఇప్పుడు ఆయన కుర్చీలోంచి లేచారు.

"నా మరదల్ని ఇనుప ముక్కల కింద అమ్ముతావా? నా కంఠంలో ప్రాణం ఉండగా జరగదు!"

"పోనిద్దురూ. అది ఈ జన్మలో కదలదు. మీవల్ల కాదు కానీ, కాఫీ తాగండి."

ఆవిడ 'కాదు' అన్న మాటతో అంతా అయిపోయింది.

"నావల్ల కాదా? రాసుకో. ఆ ఆదివారం పది గంటలకి ఈ కారు మన గేటులోంచి వీధి చివర మలుపు దాకా వెళ్తుంది!"

"వెళ్ళడమేనా, రావడం కూడా ఉందా?"

"వెళ్తుంది, వస్తుంది! వస్తే షెడ్డు కారుది. ఇంకెప్పుడూ దాని మాట ఎత్తకూడదు."

"రాకపోతే?"

"రాకపోతే నీ మిషనుతోపాటు నన్ను కూడా షెడ్డులో పెట్టుకో!"

ప్రహరీ గోడ మీద రెండు చేతులు, వాటి మీద ఒక గడ్డం కనిపించాయి. పక్కింటి రేడియో వదిన. ఆవిడ చెవిన పడ్డ మాటకు వేరే ప్రచారం అక్కర్లేదు. మధ్యాహ్నానికల్లా పందెం సంగతి బట్టల ఇస్త్రీ అతని దాకా పాకింది. ఇక వెనక్కి తగ్గే ప్రశ్న లేదు, వీధి అంతటి ముందూ పరువు సంగతి.

ఆఫీసరుగారు సెలవు పెట్టి 'ఊహూ' మేస్త్రీని పిలిపించారు. మామగారి రోజుల్లో ఈ కారు ఒళ్ళంతా ఎరిగిన మనిషి ఆయనొక్కడే. ఏ బండి చూపించినా ముందు "ఊహూ" అంటాడు కాబట్టి ఆ పేరు. బానెట్ ఎత్తి చూసి "ఊహూ" అన్నాడు. టైర్లు తన్ని చూసి "ఊహూ" అన్నాడు. తర్వాత షెడ్డులో ముక్కాలిపీట వేయించుకుని కూర్చుని, పని మొత్తం ఆఫీసరుగారి చేతే చేయించాడు.

"కార్బురేటర్ మీరు విప్పలేరు లెండి. నాజూకు పని."

ఆయన విప్పారు.

"ట్యాంకు కడగడం మీలాంటి పెద్దమనుషులవల్ల ఏమవుతుంది?"

ఆయన కడిగారు. ఇంజన్ మీద ఎలుక కట్టుకున్న గూటిలో, తాను పదకొండేళ్ళ కిందట పోగొట్టుకున్న జేబురుమాలు దొరికింది. దాని కోసం ఆనాడు భార్యతో రెండు రోజులు దెబ్బలాడారు. చడీచప్పుడు లేకుండా అది జేబులో వేసుకున్నారు.

పది రోజుల్లో టైర్లు మారాయి, బ్రేకులు బాగుపడ్డాయి, కొత్త బ్యాటరీ ఎక్కింది. ఆయన గోళ్ళ నలుపు ఏ సబ్బుకూ లొంగలేదు. శుక్రవారం సాయంత్రం తాళం తిప్పారు. ఇంజన్ గిర్రున తిరిగింది కానీ అంటుకోలేదు. మేస్త్రీ నల్లటి మూత ఒకటి తీసి లోపలికి వేలు చూపించాడు.

"ఇదిగో, ఇక్కడ బొటనవేలంత రోటర్ ముక్క ఉండాలి. కరెంటు ప్లగ్గులకి పంచేది అదే. అది లేదు."

"లేకపోతే కొందాం."

"ఊహూ. ఈ మోడల్ ముక్క ఇప్పుడు ఎక్కడా దొరకదు."

"మరి ఇన్నాళ్ళూ చెప్పవేం?"

"మీరు అడగలేదుగా. నా పని అయిపోయింది, వస్తాను."

శనివారం ఆఫీసరుగారు పాత సామాన్ల కొట్లన్నీ గాలించారు. ఎక్కడా లేదు. మధ్యాహ్నం కాళ్ళీడ్చుకుంటూ ఇంటికి వస్తే భార్య బొత్తాల డబ్బా ముందేసుకుని జాకెట్టుకు బొత్తాలు ఏరుతోంది.

"ఏమైనా పోయిందా? ముఖం అలా ఉంది."

"ఏమీ పోలేదు."

"పోతే అడగండి, వెతికి పెడతాను."

"అడగను!"

మామూలు మనిషైతే ఓడిపోయానని ఒప్పుకునేవాడు. ఈయన టేపు, రసమట్టం పట్టుకుని వీధిలోకి వెళ్ళారు. వీధి గేటు దగ్గర్నుంచి మలుపు దాకా పల్లం. నూట పన్నెండు అడుగులు వేసి కొలిచారు. న్యూట్రల్లో పెట్టి హ్యాండ్ బ్రేకు వదిలితే కారు దానంతటదే మలుపు దాకా పోతుంది. లోపం చప్పుడొక్కటే. దానికి పార్కు తోటమాలి దగ్గర గడ్డి కోసే యంత్రం పుచ్చుకుని, బ్లేడు ఊడదీయించి, డిక్కీలో పడుకోబెట్టారు. జన్మలో దొంగ తూకాన్ని క్షమించని మనిషి, ఆ సాయంత్రం తన డిక్కీ వైపు చూడలేక తల తిప్పుకున్నారు. అయినా పంతం పంతమే.

ఆదివారం తెల్లవారకముందే కారును తానే నెట్టుకొచ్చి గేటులో నిలిపారు. పది గంటలకు వీధి వీధంతా గేట్ల ముందు నిలబడింది. రేడియో వదిన కుర్చీ తెచ్చుకుంది. మేస్త్రీ కూడా ఒక పక్కన నిలబడ్డాడు. ఆఫీసరుగారు స్టెప్నీ చూసే నెపంతో డిక్కీ తెరిచి, తాడు లాగి, మూత కొంచెం సందు ఉంచి వేశారు. గర్రుమని చప్పుడు, వెంటనే పొగ. జనం చప్పట్లు కొట్టారు. జనంలో ఉన్న తోటమాలి ఒక్కడే ఆ చప్పుడు ఎక్కడో విన్నట్టు తల గోక్కున్నాడు.

ఆయన స్టీరింగ్ ముందు కూర్చునేసరికి పక్క తలుపు తెరుచుకుంది. భార్య చేతిసంచీతో ఎక్కి కూర్చుంది.

"నువ్వెందుకు?"

"మా చెల్లెలి కారు, నేనెక్కకూడదా?"

ఆయన బ్రేకు వదిలారు. కారు కదిలింది. ఆయన గర్వంగా హారన్ కొట్టారు.

"ఏమండీ, ఇంజన్ ముందుంటుంది కదా, చప్పుడు వెనకనుంచి వస్తోందేం?"

"పాత మోడల్. చప్పుడు ముందు పుట్టి వెనకనుంచి పోతుంది."

"గడ్డి వాసన వేస్తోంది."

"కల్తీలేని పెట్రోలు వాసన అలాగే ఉంటుంది! తూకాల ఆఫీసర్ని, నాకు తెలీదూ?"

"మరి గేరు వేయరేం?"

"పల్లంలో గేరెందుకు? నువ్వు వీధి చూడు."

ఆవిడ బుద్ధిగా వీధి చూసింది. మలుపు వచ్చింది. ఆయన బ్రేకు తొక్కారు, కారు మర్యాదగా ఆగింది. వెనక జనం ఈలలు వేశారు. ఆఫీసరుగారి ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"చూశావా!"

"చూశాను. ఇక వెనక్కి తిప్పండి."

అప్పుడు తట్టింది ఆయనకు. టేపు పెట్టారు, రసమట్టం పెట్టారు, అడుగులు లెక్కపెట్టారు. అన్నీ వెళ్ళడానికే. దిగివచ్చిన వీధే ఎదురుగా గోడలా లేచి ఉంది. సరిగ్గా అదే సమయానికి డిక్కీలో యంత్రం రెండుసార్లు దగ్గి ఊరుకుంది.

"పెట్రోలు అయిపోయినట్టుంది" అన్నారాయన, పీల గొంతుతో.

"కల్తీలేనిదేమో, తొందరగా ఆవిరైపోయింది."

ఆవిడ దిగింది. డిక్కీ తెరిచింది. లోపలి యంత్రాన్ని కాసేపు చూసింది.

"దీనికి సీలు వేశారా, ఆఫీసరుగారూ?"

ఆవిడ ముందుకు వచ్చి బానెట్ ఎత్తింది. చేతిసంచీలోంచి బొత్తాల డబ్బా తీసింది. బొత్తాల మధ్యనుంచి బొటనవేలంత ముక్క ఒకటి తీసి, నల్ల మూత కింద పెట్టి, క్లిప్పులు నొక్కింది. సూదిలో దారం ఎక్కించినంత తేలిగ్గా చేసింది.

"నీ దగ్గరుందా? పదకొండేళ్ళుగా?" అన్నారాయన.

"నాన్నగారు కారు ఆపినప్పుడల్లా ఇది తీసి జేబులో వేసుకునేవారు, ఎవరూ ఎత్తుకుపోకుండా. మీరు గేటు పెరికిన రాత్రి నేనూ తీసి దాచాను, మీరు ఎత్తుకుపోకుండా. ఊఁ, అటు జరగండి."

ఆయన జరిగారు. ఆవిడ తాళం తిప్పింది. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి ఇంజన్ అందుకుంది. అది గర్రుమనే చప్పుడు కాదు. మెత్తగా, నిండుగా, పెద్దాయన గొంతు సవరించుకున్నట్టు ఉంది. ఆవిడ స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి ఒక్క క్షణం కదలకుండా కూర్చుంది. కళ్ళు తుడుచుకుంది.

"సాయంత్రం ఈ చప్పుడు వినబడితే నాన్నగారు వచ్చేశారని పరుగెత్తుకొచ్చేదాన్ని" అంది.

ఆఫీసరుగారికి పందెం, పరువు, రసమట్టం అన్నీ మరుపున పడ్డాయి. జేబులోంచి రుమాలు తీసి ఇచ్చారు. ఎలుక కొరికిన రుమాలు. ఆవిడ దాన్ని గుర్తుపట్టి నవ్వింది.

పెళ్ళికి ముందే తండ్రి నేర్పిన విద్య ఆవిడ చేతుల్లో అలాగే ఉంది. కారు తిప్పి, గేరు వేసి, నూట పన్నెండు అడుగుల వాలు ఎక్కించి, గేటుకు గీత పడకుండా షెడ్డులో పెట్టింది. మేస్త్రీ జన్మలో మొదటిసారి "ఊఁ" అన్నాడు.

కారు దిగేసరికి ఆఫీసరుగారికి పౌరుషం తిరిగొచ్చింది.

"వెళ్ళింది, వచ్చింది! పందెం నేనే గెలిచాను!"

"మీరే గెలిచారు. షెడ్డు కారుదే. నేను కాదన్నానా?"

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటే ఆయనకు అనుమానం వచ్చింది. అటూ ఇటూ చూశారు.

"అవునూ, ఆ పాత ఇనుము మనిషి రాలేదేం?"

"ఏ పాత ఇనుము మనిషి?"

మేస్త్రీ గబగబా చెప్పులు తొడుక్కున్నాడు. ఆఫీసరుగారు భార్య వైపు చూశారు, మేస్త్రీ వైపు చూశారు, తన గోళ్ళ వైపు చూసుకున్నారు.

"అంటే మీరిద్దరూ కలిసి..."

"పదకొండేళ్ళు బాగుచేయించమని బతిమాలాను, మీరు వినలేదు. ఒక్కసారి మీవల్ల కాదన్నాను, పది రోజుల్లో బాగుచేసిపెట్టారు. ఇన్నేళ్ళూ ఆ ఒక్క మాట తోచలేదు నాకు, బుద్ధి తక్కువ!"

ఆయన లోపలికి వెళ్ళి కూర్చున్నారు. వంటింట్లో కుళాయి టప్, టప్ మంటోంది. ఆవిడ గుమ్మంలోంచి తొంగి చూసింది.

"ఏమండీ, ఆ కుళాయి జోలికి మాత్రం వెళ్ళకండి. అది మీవల్ల కాదు."

ఆయన నవ్వారు. ఈ ఎత్తు ఇప్పుడు తెలిసిపోయింది! లేవకూడదు. లేస్తే ఆవిడ పన్నాగం పారినట్టు. కానీ లేవకపోతే? వెళ్ళకండి అన్న మాట విన్నట్టు. పెళ్ళయిన నాటి నుంచి ఆయన వద్దన్న మాట విన్నది లేదు. ఇటు చూసినా ఆవిడే గెలుస్తోంది, అటు చూసినా ఆవిడే. టప్, టప్. పావుగంట పళ్ళు బిగబట్టి కూర్చున్నారు.

చివరికి లేచి చొక్కా చేతులు మడిచారు.

"నావల్ల కాదా? చూపిస్తాను! ఏమేవ్, రెంచి ఎక్కడుంది?"

"కుళాయి పక్కనే, పొద్దున్నే తీసి పెట్టాను" అంది ఆవిడ.