తగిన ఫోనుతో రండి

"పాత బ్రౌజరు ఉన్నోడు మన గిరాకీనే కాదు!"

ఎమ్మిగనూరులో ధనుంజయ శారీస్ అధిపతి ధనుంజయ, అంగడి వెబ్‌సైటు ప్రారంభం నాడు మైకు పట్టుకుని చేసిన ప్రకటన ఇది. జనం చప్పట్లు కొట్టినారు. బ్రౌజరంటే ఏందో తెలియనోళ్లు ఇంకా గట్టిగా కొట్టినారు.

వెబ్‌సైటు తయారుచేసిన భూపేష్ ముందే మొత్తుకున్నాడు. "అన్నా, పాత ఫోన్లలో బ్రౌజరూ పాతదే ఉంటాది. వాటిల్లో కూడా తెరుచుకునేట్టు చేస్తా. ఇంకొంచెం పని, అంతే."

"వద్దప్పా! అద్దం పగిలిన ఫోనోళ్లు పట్టుచీరలు కొంటారా? మనకు హైక్లాసు జనం గావాల!"

అంతటితో ఆగినాడా! పాత ఫోన్లలో కనిపించాల్సిన మాటలు తానే రాసిచ్చినాడు: "క్షమించండి. మా స్థాయికి తగిన ఫోనుతో రండి." రాసి, మురిసిపోయి, మీసం దువ్వుకున్నాడు.

పాపం, ఒక్క సంగతి మరిచిపోయినాడు. మా దిక్కు ఇండ్లల్లో కొత్త ఫోను మొదట కొడుకు చేతికి వస్తాది, పాతబడితే కోడలికి, అద్దం పగిలినంక అత్తకు. పెండ్లి చీరల వ్యవహారం మాత్రం తిరగబడి నడుస్తాది. అత్త ఊ అనాల, కోడలు సరే అనాల, ఆ తర్వాతే కొడుకు జేబులో చెయ్యి పెట్టేది.

వెబ్‌సైటులో ఒక్క గుడ్డముక్క అమ్ముడుపోలే. అంగడికొచ్చే జనమూ తగ్గినారు. అప్పుడు నందికొట్కూరు నుంచి యామిని అనే ఆమె ఫోను చేసింది. ఆడబిడ్డ పెండ్లంట, ఇంటిల్లిపాదికీ చీరలు కావాలంట.

"వెబ్‌సైటులో చీరలు శానా బాగుండాయన్నా. మా అత్తకు లింకు పంపినా. ఆమె సరే అంటే అన్నీ మీ కాడే."

ఈ బేరం కుదిరితే అంగడి నిలబడతాది, లేకుంటే మూసుకోవాల్సిందే. ధనుంజయ ఉరుకుంద ఈరన్నకు మొక్కుకున్నాడు.

మర్నాడు అత్తే దిగింది. పేరు మల్లక్క. బస్సు దిగి నేరుగా వచ్చి, అద్దం చిట్లిన ఫోను గల్లాపెట్టె మీద పెట్టింది.

"ఏమప్పా, నీ స్థాయి యాడుండాది? చూసిపోదామని వచ్చినా."

ధనుంజయ గబగబా కుర్చీ జరిపినాడు. "అయ్యో అక్కా! అది కంప్యూటరు చేసిన పని, నాకేం తెలుసు! కూచో, కాఫీ తెప్పిస్తా."

"కాఫీ తర్వాత. నా ఫోను పనికిరాదంటివి గదా, నీ ఫోన్లో చూపీ. నచ్చితే ఈడికీడే దుడ్లు కడతా."

చూపకుంటే బేరం పోతాది, చూపిస్తే పరువు పోతాది! ఎందుకంటే ఆయన కొత్త ఫోనును కొడుకు ఎప్పుడో ఎత్తుకుపోయినాడు. ప్రారంభం నాడు కూడా ఆయన చేతిలోని పాత ఫోన్లో ఒక్క చీరా కనిపించలే. హైక్లాసు మనిషి పదిమందిలో ఆ మాట ఎట్ల చెప్తాడు? "అబ్బబ్బ, ఏం రంగులప్పా!" అని భూపేష్‌ను మెచ్చుకుని ఫోను జేబులో పెట్టుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోతా ఇప్పుడు బయటికి తీసినాడు.

మల్లక్క వంగి, అంగడంతా వినిపించేట్టు చదివింది. "క్షమించండి. మా స్థాయికి తగిన ఫోనుతో రండి."

పనివాళ్లు చీరల వెనక మొహాలు దాచుకున్నారు. ధనుంజయ గొంతు సవరించుకున్నాడు.

"చూసినావా అక్కా! యజమానినని కూడా చూడలే. మా కాడ అందరికీ ఒకటే న్యాయం!"

మల్లక్క పకపకా నవ్వింది. "అట్లయితే ఈడ నీకూ చోటు లేదు గదప్పా! రా, మనిద్దరమూ ఎదురంగడికి పోదాం!"

ఆమె చెప్పులేసుకుని రోడ్డు దాటింది. ధనుంజయ భూపేష్‌కు ఫోను కలిపినాడు.

"రేయ్ భూపేషూ! జనం సంగతి తర్వాత చూద్దువు గానీ, ముందు నన్ను లోపలికి రానీ నాయనా!"