పద్నాలుగో వరుస కిటికీ

మెయింటెనెన్స్ కంట్రోల్ సెంటర్ అనగానే రన్‌వే పక్కన అద్దాల మేడ ఊహించుకుంటారు జనం. అంత సీను లేదు. విమానాశ్రయం లోపల ఓ మూల ఉన్న కిటికీ లేని గది. నాలుగు ఫోన్లు, గోడ నిండా స్క్రీన్. ఎక్కడైనా విమానంలో ఏదో మొరాయిస్తే అక్కడి ఇంజనీరు ఈ గదికి ఫోన్ చేస్తాడు. ఆ లోపంతో ఎగరొచ్చా, బాగయ్యాకే కదలాలా అన్నది తేల్చేది ఇక్కడే. ఎగరొచ్చనుకుంటే ఒక వాయిదా నంబరు ఇస్తారు. అంటే ఫలానా రిపేరు ఫలానా గడువులోగా చేసితీరాలని.

ఆ ఉదయం డ్యూటీలో ఉన్న కంట్రోలరుకి మాత్రం స్క్రీన్ మీద ఒకే ఒక్క విమానం కనిపిస్తోంది. అందులో వాళ్లావిడ వస్తోంది. ఆవిడ వేరే ఊళ్లో నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. చూసి నలభై ఏడు రోజులైంది. ఇంట్లో రెండో దిండు అన్నాళ్లుగా నలగనే లేదు. అయినా రోజూ దాన్ని దులిపి మళ్లీ అక్కడే పెడుతున్నాడు, పిచ్చి మనిషి. పన్నెండింటికి ఆవిడ దిగుతుంది, ఒంటిగంటకి ఇతని డ్యూటీ అయిపోతుంది, రేపు పొద్దున్నే ఆవిడ తిరుగు విమానం ఎక్కాలి. వాళ్లకి ఉన్నదల్లా ఒక్క సాయంత్రం.

తొమ్మిదిన్నరకి, ఎండ పడితే ఆవిడకి తలనొప్పి వస్తుందన్న సంగతి గుర్తొచ్చింది. టికెట్టు చూస్తే పద్నాలుగో వరుస, కిటికీ సీటు, అదీ ఎండ వైపు. ఇక చెయ్యి ఊరుకుంటుందా? ఆ ఊళ్లోని ఇంజనీరుకి ఫోన్ కొట్టాడు.

"గురువుగారూ, ఆ పద్నాలుగో వరుసలో కిటికీ షేడ్ సరిగ్గా దిగుతోందా?"

"దిగుతోంది సార్. ఏం?"

"ఏం లేదు. ఊరికే అడిగా."

అదే కొంప ముంచింది. ఆ ఇంజనీరుని అందరూ 'అనుమానం గారు' అంటారు. ఈ వృత్తిలో అది పొగడ్త. ఇరవై ఏళ్ల సర్వీసులో కంట్రోల్ సెంటర్ ఆయన్ని ఊరికే ఏదీ అడిగిన పాపాన పోలేదు. ఎక్కడో ఏదో జరిగింది, పైకి చెప్పడం లేదు అనుకున్నాడాయన. టార్చి పట్టుకెళ్లి ఆ షేడ్‌ని ముప్పైసార్లు పైకీ కిందికీ లాగాడు. ముప్పై ఒకటోసారి అది ఊడి చేతికొచ్చింది. ఆయన వెంటనే లాగ్‌బుక్‌లో రాసేశాడు. అందులోకి ఎక్కిందంటే వాయిదా నంబరు వచ్చి, ఇంజనీరు సంతకం పెట్టేదాకా విమానం అంగుళం కదలదు. అప్పటికి జనం ఎక్కేస్తున్నారు.

"చూశారా సార్, మీరన్నట్టే అయింది!" అన్నాడు ఫోన్లో అనుమానం గారు, భక్తిగా. "మీకు ముందే ఎలా తెలిసింది?"

"నంబరు ఇస్తా, రాసుకోండి. పంపించెయ్యండి."

"అమ్మో! మీరెందుకడిగారో చెప్పందే సంతకం పెట్టను. గొడవ షేడ్‌తోనా, దాని వెనక అద్దంతోనా?"

కంట్రోలరు తలెత్తేసరికి ఎదురుగా పెద్దాయన. అంటే సెంటర్ మేనేజరు. "ఏమిటా పద్నాలుగు?" అన్నాడు.

మా ఆవిడ సార్ అని ఒక్క ముక్క చెబితే అక్కడితో పోయేది. కానీ గదిలో అందరూ చెవులు రిక్కించి ఉన్నారు. సిగ్గు ముంచుకొచ్చింది. "వేరే విమానంలో ఇలాంటి కంప్లయింటే వచ్చింది సార్," అనేశాడు.

"ఏ విమానం?"

"అదే... గుర్తు రావడం లేదు."

"గుర్తు రావడం లేదా? అయితే అన్నీ చూడాల్సిందే!"

అన్నీ అంటే ఇంకో పదకొండు. పది నిమిషాల్లో ఊరూరా ఇంజనీర్లు పద్నాలుగో వరుస మీద పడ్డారు. అంతమంది అంత కసిగా లాగితే ఊడక చస్తాయా? మరో మూడు ఊడాయి. స్క్రీన్ మీద పచ్చగా ఉన్నవన్నీ ఒక్కొక్కటే ఎర్రబడ్డాయి. "మీ అనుమానం నిజమేనయ్యా!" అని పెద్దాయన భుజం తట్టాడు.

పదకొండున్నర అయింది. ఆవిడ విమానం ఇంకా అక్కడే ఉంది. పోయిన ప్రతి నిమిషం వాళ్ల సాయంత్రంలోంచే పోతోంది. అనుమానం గారి ఫోన్ స్పీకర్లో ఉందని కూడా మరిచిపోయి కంట్రోలరు లేచి నిలబడ్డాడు.

"సార్, కంప్లయింటూ లేదు గింప్లయింటూ లేదు. ఆ సీట్లో మా ఆవిడ ఉంది. ఎండ పడితే తలనొప్పి వస్తుందని అడిగాను. చూసి నలభై ఏడు రోజులైంది. బెంగగా ఉంది సార్."

స్పీకర్లోంచి అనుమానం గారే అనుమానంగా అడిగాడు. "ఆ సీట్లో ఉన్నది ఎవరో మీసాలాయన కదండీ?"

వెంటనే ఫోన్ చేతులు మారిన చప్పుడు. అటు కూడా స్పీకరే కాబోలు, అంతా విన్న వాళ్లావిడ గొంతు. "ఏమండీ, నేనిక్కడ మొదటి వరుసలో ఉన్నాను. తలుపు తియ్యగానే అందరికన్నా ముందు దిగొచ్చని బతిమాలి మార్చుకున్నాను. నలభై ఏడు రోజులు మీకేనా అయింది, నాకు కాలేదా? ముందు ఈ విమానాన్ని కదిలించండి!"

పెద్దాయన తనే వాయిదా నంబరు చెప్పాడు. అనుమానం గారు మారుమాట్లాడకుండా సంతకం పెట్టాడు. తర్వాత పెద్దాయన కంట్రోలరు వైపు తిరిగాడు.

"బెంగ తప్పు కాదు. నా దగ్గర అబద్ధమాడటం తప్పు. ఆ పదకొండింటినీ సర్ది, జరిగింది జరిగినట్టు రిపోర్టు రాసి, అప్పుడు కదలండి."

ఒకటిన్నరకి విమానం దిగింది. సెక్యూరిటీ వాళ్లు ఆవిడ మెడలో విజిటర్ పాసు వేసి లోపలికి తీసుకొచ్చారు. పెద్దాయన తన కుర్చీనే కంట్రోలరు పక్కన వేయించాడు. ఇతను ఫోన్ దించితే కదా మాట్లాడటానికి! ఒక చెవికి ఫోన్ ఆనించుకుని, రెండో చేత్తో బల్ల కింద ఆవిడ చెయ్యి పట్టుకుని, నంబర్లు చెబుతూనే ఉన్నాడు. సాయంత్రం పెద్దాయన ఒక చీటీ బల్ల మీద పెట్టి వెళ్లాడు: "రెండు రోజుల సెలవు, మీరు ఆవిడ ఊరెళ్లడానికి. వాయిదా గడువు పది రోజులు, ఆలోగా వెళ్లి తీరాలి."

అలా, విమానంలోంచి అందరికన్నా ముందు దిగినావిడ విమానాశ్రయంలోంచి అందరికన్నా ఆఖరున బయటపడింది.