పసుపు బొట్ల బొంత

ఆ బుధవారం పొద్దున శిరీష పెట్టుకున్న పని చాలా చిన్నది. టిఫిన్లు కాగానే కుట్టుమిషన్ ముందు కూర్చోవాలి, సాయంత్రానికల్లా ఆడపడుచు పసిపిల్లకు ఒక బొంత కుట్టెయ్యాలి. ఫోనులో వీడియో పెట్టిన అమ్మాయి అంతకన్నా ధైర్యంగా చెప్పింది. "ఫ్రెండ్స్, ఇంట్లో పనికిరాని గుడ్డముక్కలుంటే చాలు, పిల్లల గదికి అందమైన బొంత రెడీ!" ఆ అమ్మాయి కత్తెర పట్టుకుంటే వెనకాల సంగీతం వస్తుంది. దారం తెగదు, సూది విరగదు, అత్తగారు పిలవదు.

నిజామాబాదులో శిరీష ఇంట్లో ఈ సౌకర్యాలేవీ లేవు. కూతురి గదికని ఆమె కుట్టిన బట్ట ఏనుగును ఆ పిల్ల నేటికీ వంకాయ అనే పిలుస్తుంది. దిండు గలీబును నాలుగువైపులా కుట్టేయడంతో దిండు బయటే ఉండిపోయింది. ఆ తరువాత గౌను కుట్టింది. చేతులు రెండూ పైకి తిరిగిపోయి, అది తొడుక్కున్న పిల్ల బస్సును ఆపుతున్నట్టు కనిపించేది. అయినా శిరీష పట్టు విడవలేదు.

గొడవంతా గది దగ్గర వచ్చింది. మిషన్ ఉన్నది వీధివైపు చిన్నగదిలో. అక్కడ బియ్యం డ్రమ్ములు పెట్టించాలని అత్తగారు హన్మవ్వ కోరిక. కరెంటాఫీసులో పనిచేసే భర్త భానుప్రసాద్ అటు తల్లికి, ఇటు భార్యకు తీర్పు చెప్పే ధైర్యం లేక వాయిదాలు వేస్తూ వచ్చాడు. ఎడపల్లిలో ఉన్న అతని చెల్లెలు స్వరూపకు ఆడపిల్ల పుట్టింది. పిల్లను ఉయ్యాలలో వేసే తొట్టెల పండుగకు ముహూర్తం కుదరగానే అతనికి దారి దొరికింది.

"సూడు శిరీషా, ఆదివారం పిల్లను తొట్టెల ఏస్తున్నరు. నువ్వు కుట్టిందే తీస్కపో. నల్గురు మెచ్చుకుంటే గా గది నీదే. లేకపోతే మిషన్‌ను మిద్దె మీదికెక్కిస్త, మల్ల నన్ను అడగొద్దు."

"మిద్దె మీద రేకులు కురుస్తయి గద?"

"అందుకే జెప్తున్న, జర మంచిగ కుట్టు."

పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఆ ఇంట్లో శిరీషకు తనదంటూ ఉన్న చోటు ఆ గది ఒక్కటే. తలుపు దగ్గరేసుకుని మిషన్ తొక్కుతుంటే ఆమెను ఎవరూ చాయ్ అడగరు. ఆ సుఖం వదులుకోవడానికి ఆమె సిద్ధంగా లేదు.

పనికిరాని గుడ్డకోసం ఇల్లంతా వెతికింది. తెలిసినదేమిటంటే, హన్మవ్వ ఏలుబడిలో పనికిరాని గుడ్డ అనేది ఉండదు. పాత చీరలు స్టీలు గిన్నెలవాడికి పోయాయి, పాత ప్యాంట్లు నేల తుడుస్తున్నాయి, పాత తువ్వాళ్లు కుక్కర్ పట్టుకుంటున్నాయి. చివరికి అత్తగారి సందూక పెట్టె తెరిచింది. హన్మవ్వ బాల్కొండలో చెల్లెలింట్లో పెళ్లికి పోయింది. అటునుంచి అటే ఆదివారం ఎడపల్లికి వస్తానంది. సందూకలో అడుగునుంచి మూతదాకా రవికె ముక్కలు. అన్ని రంగులూ ఉన్నాయి, ఒక్కదానికీ కత్తెర తగల్లేదు.

మన ఇళ్లలో రవికె ముక్క కుట్టించుకునే వస్తువు కాదు, పెట్టే వస్తువు. ఒడిబియ్యానికి వచ్చింది గృహప్రవేశానికి పోతుంది, గృహప్రవేశానికి వచ్చింది సీమంతానికి పోతుంది. పెట్టేముందు ఒక మూలకు పసుపు బొట్టు పెట్టాలి. అక్కడ అప్పటికే ఎవరిదో బొట్టు ఉంటే ఆ మూలను లోపలికి మడిచి, ఇంకో మూలకు పెట్టాలి. ఇది ఎవరూ నేర్పరు, అందరికీ వచ్చు. ఇచ్చినవాళ్లకే తిరిగి ఇవ్వకూడదన్నది ఒక్కటే నియమం. ఆ జ్ఞాపకశక్తిలో తనను మించినవాళ్లు జిల్లాలో లేరని హన్మవ్వ అభిప్రాయం.

శిరీషకు ఇదంతా తెలియక కాదు. కాని ఏళ్ల తరబడి ఎవరూ ముట్టనిదే పనికిరాని గుడ్డ అని వీడియో అమ్మాయి నవ్వుతూ చెప్పాక, ఆమెకు సందూకలో అదొక్కటే కనిపించింది. మంచి రంగులు ఏరుకుని కత్తిరించింది. మూలలనుంచి కత్తిరిస్తే నలుచదరం తప్పదని వీడియోలో ఉంది కాబట్టి, ఒక్కో ముక్క నాలుగు మూలలూ కోసి, ఆ నాలుగింటినీ మూలలు మధ్యలో కలిసేలా జతచేసింది. గుడ్డను ముందు ఉతకాలని చెప్పిన చోట పాలు పొంగుతున్నాయని లేచి వెళ్లింది. అందువల్ల పసుపు బొట్లన్నీ అలాగే ఉండి, ఒక్కో గడి నడుమ పచ్చని పువ్వు పూసినట్టయింది. కొన్ని పువ్వులకు ఒక్క రేకు, కొన్నింటికి రెండు. నట్టనడుమ మెరూన్ రంగు గడికి మాత్రం నాలుగు రేకులూ నిండుగా కుదిరాయి. శిరీష దాన్ని చూసి మురిసిపోయింది.

బొంత చాలా బాగా వచ్చింది. ఆమె చేతిలో ఏదైనా బాగా రావడం అదే మొదలు, అసలు ముప్పు కూడా అదే. వంకాయలా వచ్చి ఉంటే ఎవరూ దగ్గరికి వచ్చి చూసేవాళ్లు కాదు.

ఆదివారం ఎడపల్లిలో ఇంటిముందు టెంటు వేశారు. లోపల పూలు చుట్టిన కొయ్య తొట్టెల. స్వరూప బొంతను అందులో పరిచేసరికి ఆడవాళ్లంతా మూగారు.

"మస్తుగున్నది వదినా! దుకాన్ల తెచ్చినట్టే ఉన్నది," అంది స్వరూప.

శిరీష గుమ్మం దగ్గరున్న భర్తవంక చూసింది. అతను తల ఊపాడు. గది సగం వచ్చేసినట్టే అనుకుంది. అప్పుడు స్వరూప అత్త భీమవ్వ కళ్లద్దాలు పెట్టుకుంది.

"గీ నెమలి రంగు ముక్క నేను పెట్టిందే గద?"

"అవునా అత్తా? అయితే ఇంకా మంచిది," అంది శిరీష సంబరంగా.

"నీకు పెట్టలే బిడ్డా. మీ అత్తకు గూడ పెట్టలే. గృహప్రవేశానికి చెంచులక్ష్మమ్మకు పెట్టిన."

అందరి తలలూ చెంచులక్ష్మి వైపు తిరిగాయి. ఆమెది పక్కిల్లు. కాలువ నీళ్లు వచ్చిన కాలంలో ఆమె మామగారు గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ చెరకు వేశారు. ఇంట్లో రెండు తరాలు మారినా ఆమె మాటలో 'అండీ' మాత్రం మారలేదు.

"కుట్టిచ్చుకున్న, మా తమ్ముని పెండ్లికి తొడుక్కున్న అంటివి?" అంది భీమవ్వ.

"తొడుక్కున్నానండీ. బిగుతైపోయిందని... తరవాత విప్పించేశాను."

"విప్పించి మల్ల నిండు ముక్క జేసినవా?"

చెంచులక్ష్మి ముఖం కందగడ్డయింది. స్వరూప సీమంతానికి హన్మవ్వకు తానే ఆ ముక్క పెట్టిన సంగతి ఆమెకు ఇప్పుడు గుర్తొచ్చింది. ఏదో ఒకటి అనకపోతే పరువు దక్కదని బొంతను కళ్లతో గాలించింది. దొరికింది.

"ఈ గులాబీ రంగుది మా అన్నయ్య మంగళగిరి నుంచి తెచ్చింది కాదూ? వదినగారూ, మీ పెద్దబ్బాయి పెళ్లికి మీకు పెట్టాను. పెట్టెలో భద్రంగా దాచానన్నారు!"

"దాసిన. అవద్దమాడుతనా?"

"మరి మీ పెట్టె నిజామాబాదు ఎప్పుడు వెళ్లిందండీ?"

నలుగురూ నవ్వారు. ఆ నవ్వులో గది జారిపోతున్న చప్పుడు శిరీషకు వినిపించింది. ఎలాగైనా ఆపాలని నోటికొచ్చింది చెప్పేసింది. "అయ్యో, గివన్నీ నేను దుకాన్ల కొన్నవే అత్తా. అవే రంగులు దొరికినయి. ఈ పచ్చని పూలు డిజైన్."

భీమవ్వ వేలు తడిచేసి ఒక రేకు మీద రుద్దింది, ముక్కుదగ్గర పెట్టుకుంది. "డిజైనా? పుట్టినప్పటి సంది పసుపు చేన్లనే ఉన్న, నాకు జెప్తవా? గిది పసుపు. పెట్టినోళ్ల బొట్టు."

ఆ మాటతో గదిలో గాలి మారింది. ఒక్క రేకంటే ఒక్క చేయి, రెండు రేకులంటే రెండిళ్లు. అంతవరకు వేడుక చూస్తున్న ఆడవాళ్లంతా ఇప్పుడు తమతమ ముక్కల కోసం వంగారు. దొరికినవాళ్లు వాటిని చేతులతో కప్పేశారు. దొరకనివాళ్లు తమ ముక్క ఇంకా ఎక్కడ తిరుగుతోందో అని పక్కవాళ్లను చూశారు. తిలా పాపం తలా పిడికెడు అంటారు గాని, దాన్ని ఇంత చక్కగా గళ్లు గళ్లుగా కుట్టి చూపించినవాళ్లు అంతకుముందు లేరు.

బయట అయ్యగారు ముహూర్తం దాటుతోందని కేకేశారు. మగవాళ్లు భోజనాల సంగతి కనుక్కురమ్మని భానుప్రసాద్‌ను పంపారు. అతను లోపలికి తొంగిచూసి, సంగతి సగం విని, భార్య చెవిలో మెల్లగా అన్నాడు. "ఇగ మిషన్ ఎక్కించుడే."

"తియ్యుండ్రి దాన్ని," అంది భీమవ్వ. "ఇల్లిల్లు తిరిగిన గుడ్డ మీద నా మనుమరాలిని పండవెట్ట."

శిరీషకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మొదటిసారి తిన్నగా కుట్టిన కుట్టు తన కొంపమీదికే వచ్చినందుకు ఏడ్వాలో, నవ్వాలో తెలియలేదు. బొంత తీయడానికి చేయి చాపింది. సరిగ్గా అప్పుడు బాల్కొండ బస్సు దిగిన హన్మవ్వ చేతిసంచితో గుమ్మంలోకి వచ్చింది.

"అందరు గిట్ల బొమ్మల్లెక్క నిలవడ్డరేంది?" అంటూ తొట్టెలలోకి చూసింది. తన సందూక తొట్టెలలో పరుచుకుని కనిపించింది. కోడలిని తిట్టడానికి నోరు తెరిచింది కూడా. కాని ఆమె చూపు నడుమనున్న నాలుగు రేకుల మెరూన్ పువ్వు మీద ఆగిపోయింది.

"గిది స్వరూప పెండ్లిల నేను నీకు పెట్టిన ముక్క గాదు వదినే?" అంది భీమవ్వతో.

భీమవ్వ చెంచులక్ష్మి వైపు చూసింది. చెంచులక్ష్మి ఆ చూపును తిప్పికొట్టింది.

"దాన్ని మీరు నాకు పెట్టారు. నేను మళ్లీ ఉగాదికి మీకే పెట్టాను కదండీ."

"నాకు యాది లేకపాయె," అంది భీమవ్వ గొంతు తగ్గించి. "నేను... మొన్న దసరాకు వదినెకే పెట్టిన."

అంటే హన్మవ్వ పెట్టిన ముక్క ముగ్గురి చేతులూ తిరిగి, నాలుగు మూలలూ నిండి, మళ్లీ హన్మవ్వ దగ్గరికే వచ్చింది. జిల్లాలోకెల్లా జ్ఞాపకశక్తి గల హన్మవ్వ దాన్ని కళ్లకద్దుకుని తీసుకుంది. ముగ్గురూ తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డారు.

హన్మవ్వ లోలోపల గబగబా ఆలోచించింది. కోడలిని తిడితే సందూక సంగతి ఒప్పుకోవాలి. వియ్యపురాలిని తిడితే రేపు కూతురు ఈ ఇంట్లోనే కాపురం చేయాలి. ఊరుకుంటే తన మతిమరుపు బోధన్ దాకా పాకుతుంది. చేతిసంచి కింద పెట్టి, కొంగు సర్దుకుంది.

"దీనికింత పరేషాన్ ఎందుకు? ఈ బొంత నేనే కుట్టుమన్న."

అందరికన్నా ఎక్కువ ఆశ్చర్యపోయింది శిరీష.

"కొత్త గుడ్డ ఎవ్వలన్న తెస్తరు, దుకాన్ల దొరుకతది. నల్గురు ముత్తయిదువల చేతుల పసుపు పడ్డ గుడ్డ మీద పండితె పిల్లకు దిష్టి తాకది. మా అవ్వ జెప్తుండె. అందుకే ఒక్క ముక్క గూడ కుట్టిచ్చుకోకుంట గిన్నేండ్లు జమ జేసిన. ఎన్ని ఇండ్లు తిరిగితె గంత మంచిది."

ముందుగా తేరుకున్నది చెంచులక్ష్మి. "మా అమ్మమ్మ కూడా అచ్చం ఇదే మాట అనేదండీ! అందుకే నేను ఏ ముక్కా దాచుకోను."

"మరి నేను ఊకనే తిప్పుతనా?" అంది భీమవ్వ. "నడుమల పువ్వుకు రెండు రేకులు నాయే, సూసుకోండ్రి."

"నెమలి రంగు దాని మీద ఒకటి నాదండీ. గులాబీది మొత్తం మాదే."

అంతవరకు తమ ముక్కలను చేతులతో కప్పుకున్నవాళ్లు ఇప్పుడు వేలుపెట్టి చూపించడం మొదలుపెట్టారు. ఒక్క రేకుతో మిగిలిపోయినవాళ్లు చిన్నబోయారు. ఒకామె పసుపు గిన్నె అందుకుని, ఎవరూ చూడటం లేదనుకుని తన గడికి ఇంకో రేకు పెట్టింది. అందరూ చూశారు. గిన్నె చేతులు మారింది. పిల్లను పడుకోబెట్టే వేళకు బొంత మీద ఖాళీ మూల ఒక్కటీ లేదు. పిల్ల రెండుసార్లు తుమ్మి నిద్రపోయింది.

భోజనాల దగ్గర బొంత పేరు వినని పంక్తి లేదు. చేయి కడుక్కుంటూ భానుప్రసాద్ భార్యతో, "గది నీదే," అన్నాడు, తానే కుట్టినంత దర్జాగా.

తిరుగు ప్రయాణంలో కారు వెనకసీట్లో హన్మవ్వ చాలాసేపు కళ్లు మూసుకుని కూర్చుంది. శిరీష ఉండబట్టలేక అడిగింది. "అత్తమ్మా, మీ అవ్వ నిజంగ అట్ల చెప్తుండెనా?"

"మా అవ్వ కాలంల రవికె తొడిగినోళ్లే లేరు," అంది హన్మవ్వ కళ్లు తెరవకుండానే. "గది తీస్కో. సందూక తాళం మాత్రం ఇగ నా కొంగుకే ఉంటది."

పదిరోజులు కూడా కాలేదు. శిరీష వీధిగదిలో కొత్త దారపుకండె ఎక్కిస్తుండగా భీమవ్వ, చెంచులక్ష్మి కలిసి ఆటో దిగారు. భీమవ్వ పెద్దబిడ్డకు నెలలు నిండాయట, చెంచులక్ష్మి కోడలికి ఏడో నెలట. ఇద్దరి చేతుల్లోనూ నిండు సంచులు.

"ఆచారం తప్పొద్దు బిడ్డా," అంది భీమవ్వ సంచి బోర్లిస్తూ. "ఎవ్వలు అడిగినా జెప్పు, అన్ని ఇల్లిల్లు తిరిగిన ముక్కలే."

"మావైతే ఇంకా పాతవండీ," అంది చెంచులక్ష్మి.

గదినిండా కొత్త గుడ్డ వాసన వేసింది. శిరీష పైనున్న ముక్క అందుకుని మడత విప్పింది. నాలుగు మూలలా నాలుగు పసుపు బొట్లున్నాయి. ఇంకా తడి ఆరలేదు.