దొర బదులు సూది

మహాజనులకు తెలియజేసేదేందంటే, పోలీస్ యాక్షన్ అయినంక మెదక్‌ల అందరూ సమానమైపోయిండ్రు! సంగం దళాలకు భయపడి పట్నం ఉరికిన దొర, తెల్లటోపీ పెట్టుకొని వాపసొచ్చిండు. వెట్టి రద్దయిందని బంగ్లా ముంగట గంటసేపు స్పీచ్ ఇచ్చిండు. స్పీచ్ అయిపోయేదాంక గొడుగు పట్టింది బంగ్లా పనోడు గాలయ్య. పైసలకు కాదు, ఇష్టంగనే.

అంతల కలరా వచ్చింది. డాక్టర్ జయానందం ఖిల్లా కింద డేరా ఏసి, "రోగానికి పెద్దా చిన్నా లేదు, అందరు సూది ఏయించుకోండ్రి" అన్నడు. మస్తు మంచి మాట! కాని సూది నొప్పి పెడ్తది గదా. బంగ్లాల నొప్పి పనులన్నీ గాలయ్యవే. అందుకే దొర లెక్కలు రాసే మున్షీ గాలయ్యను తోలుకొచ్చి దొర బదులు ఒకటి, దొరసాని బదులు ఒకటి పొడిపిచ్చిండు.

"మందు దొర ఒంట్లకు పోవాలె గదయ్యా!" అన్నడు డాక్టర్.

"దున్నేది రైతు, పంట దొరది. ఇది గూడ గంతే సాబ్," అన్నడు మున్షీ.

డాక్టర్ సదువుకున్నోడు, ఎంటనే సమజైంది.

భుజం బూరెలెక్క ఉబ్బి ఇంటికొచ్చిన గాలయ్యను చూసి పెండ్లాం యాదవ్వ నవ్వింది. "రెండు పొడిపిచ్చుకుంటివి, నాకోటి అడిగితె నోరు పడిపోతుండెనా?"

"మన వాడ దాంక వచ్చేటాళ్లకు మందు ఒడిసిందే."

వాడంత తాగేది వాగునీళ్లే. బంగ్లాల బాయి ఉన్నది గని, దొరకు వాగునీళ్ల రుచే ఇష్టం. మోసేది యాదవ్వ.

కలరాకు మర్యాద తెల్వది. దొరకు, యాదవ్వకు ఒక్కపూటనే వాంతులు! మున్షీ ఉరికొచ్చిండు. "అరేయ్ గాలిగా! దొర కక్కుతుండు, జల్ది వచ్చి కక్కు!"

గాలయ్య నోట్ల ఏలు పెట్టి నిజంగనే కోషిష్ చేసిండు. రాలే. రెండు సూదుల మనిషాయె, రాయిలెక్కున్నడు.

ఇద్దరినీ డేరాల పక్కపక్కన పండవెట్టిండ్రు. నరంల ఎక్కిచ్చే ఉప్పునీళ్ల సీసా మాత్రం ఒక్కటే మిగిలింది. గాలయ్య డాక్టర్ కాళ్ల మీద పడ్డడు. "నీ బాంచెన్ సాబ్, సీసా నా పెండ్లానికి ఎక్కియ్యుండ్రి. దొరకు నయమైతది. సూదులప్పుడు మున్షీ సాబ్ గట్లనే చెప్పె గదా!"

మున్షీకి అప్పుడు సైన్స్ తెలిసొచ్చింది: మందు ఎవరి ఒంట్లకు పోతె వాళ్లకే పనిచేస్తదట! సీసా దొరకెక్కింది.

దొర బతికిండు. పెద్ద ఖాందాన్ రక్తం గట్టిదని, బంగ్లా ముంగట పెట్టిన సభల డాక్టర్ వివరించిండు. నీళ్లు కాగబెట్టుకొని తాగే అలవాటు లేక యాదవ్వ పోయిందని గూడ చెప్పిండు. మనమంత చప్పట్లు కొట్టినం. ఆడనే అందరికీ తలా ఒక గ్లాసు కాగబెట్టిన నీళ్లు పంచిండ్రు. కట్టెలు కొట్టి కాగబెట్టింది గాలయ్య. తాగినం, మూతి తుడుసుకున్నం, గీ బీదోళ్లకు ఎప్పుడు తెలివొస్తదో అనుకుంట ఇండ్లకు పోయినం.