గంగాధరప్ప బంకులో బోరు

టిఫిన్ వేళకల్లా పని కానిచ్చేసి, ఎవరి కంటా పడకుండా బోరు బండిని సాగనంపాలని గంగాధరప్ప ఆ ఉదయం పథకం వేసుకున్నాడు. బత్తలపల్లె రోడ్డు మీద అతనికో పెట్రోలు బంకు ఉంది. పక్క చేని సిద్దమ్మ తన బోరు నీళ్లు డీజిల్ వాసన కొడుతున్నాయని అర్జీ పెట్టింది. బంకు కింద పూడ్చిన ట్యాంకు కారుతోందేమో తేల్చమని కంపెనీవాళ్లు లహరి అనే ఇంజనీరును పంపారు. ట్యాంకు పక్కనే బోరు వేసి, లోపలి మట్టినీ నీటినీ ఆమె పరీక్షించాలి. కారుతోందని తేలితే బంకుకు తాళం. తేలకముందే మాట పొక్కినా బేరాలకు తాళమే.

కానీ ఆ కరువు నేల మీద బోరు బండిని దాచడం పెళ్లి ఊరేగింపును దాచడమంత తేలిక. బండి ఆగీ ఆగకముందే టీ అంగడి రామాంజులు హాజరయ్యాడు.

"ఏమన్నా, బోరు ఏపిస్తాండావా?"

"ఊఁ... ఊరికోసమప్పా. ఎండాకాలం జనాలకు నీళ్లిద్దామని," అన్నాడు గంగాధరప్ప, నోటికేదొస్తే అది.

రామాంజులు చెవిన పడిందంటే ఊరంతా దండోరా వేసినట్టే. కాసేపటికి ఊళ్లోంచి తిమ్మక్క అనే ముసలావిడ పసుపు కుంకుమ తెచ్చి బోరు బండికి బొట్లు పెట్టింది. లహరి మట్టి తీసిన చోటల్లా ఎవరో ఒకరు టెంకాయ కొట్టారు.

"అయ్యో, ఇక్కడ టెంకాయ నీళ్లు పోయకండి! నా పరీక్ష పాడవుతుంది!" అని మొత్తుకుంది లహరి.

"నీళ్లు పడే పాయింటు బాగ చూసినావు మేడం. మా చేన్లో గూడా ఒకటి చూసి పో," అన్నాడు రామాంజులు.

ఇంతలో బోరులోంచి నీళ్లు ఎగజిమ్మాయి. ఏళ్ల తరబడి బోర్లలో దుమ్ము తప్ప చూడని జనం ఒక్క కేక పెట్టారు. నిజం చెప్పొద్దూ, గంగాధరప్ప కళ్లు కూడా చెమర్చాయి. అంతలోనే తిమ్మక్క దోసిలి పట్టి నోటి దగ్గరికి తీసుకోవడం చూశాడు. ట్యాంకు నిజంగా కారుతుంటే? బంకు సంగతి మరిచిపోయి పరుగెత్తి ఆమె చేతులు పట్టుకున్నాడు.

"తాగాకండప్పా! నా ట్యాంకు కారతాండాది! ఈ నీళ్లల్లో డీజిలుండాది!"

గుంపులోంచి సిద్దమ్మ ముందుకొచ్చింది.

"చూసినారా! నీళ్లు పడేదాకా ఊరికోసమన్నాడు. పడినాక డీజిలంటాండాడు!"

"అర్జీ పెట్టింది నువ్వే గదా సిద్దక్కా!"

"అది నా బోరుకు పెట్టినా. ఈ బోరుకు పెట్టినానా?"

గంగాధరప్ప పిల్లల మీద ఒట్టేసి, తన ట్యాంకు కారుతోందని గొంతు చించుకున్నాడు. జనం ఫోన్లు పైకెత్తారు. మధ్యాహ్నానికి ఆ వీడియో కొత్తచెరువు టౌను దాకా పోయింది. సాయంత్రానికి బంకు వైపు లారీ కాదు కదా, మోపెడ్ కూడా తిరగలేదు. లహరి బోరుకు మూత బిగించి, నమూనాలు తీసుకుని వెళ్లిపోయింది.

వారం తర్వాత ఆమె నవ్వుతూ వచ్చింది.

"సార్, మీ ట్యాంకు చుక్క కూడా కారలేదు. సిద్దమ్మగారి మోటారు షెడ్డులో ట్రాక్టరు కోసం పెట్టిన డీజిల్ డ్రమ్ముకే చిల్లి పడింది. మీ బోరు నీళ్లు భేషుగ్గా తాగొచ్చు."

"మరి ఆ వీడియో?" అన్నాడు గంగాధరప్ప నీరసంగా.

"దానికి పరీక్ష లేదు సార్."

మర్నాడు బంకు ముందు బారు రోడ్డు దాకా సాగింది. అందులో బండి ఒక్కటీ లేదు, అన్నీ బిందెలే. మొదటి బిందె సిద్దమ్మది.